న్యూజెర్సీ చలికాలంలో కరెంటు, గ్యాస్ కట్ కాకుండా చూసుకోవడం ఎలా

న్యూజెర్సీలో నవంబర్ 15 నుంచి మార్చి 15 దాకా, బిల్లు కట్టలేని పరిస్థితిలో ఉన్న ఇళ్లకు కరెంటు, గ్యాస్ ఆపకూడదని నిబంధన ఉంది. దీని పేరు వింటర్ టెర్మినేషన్ ప్రోగ్రాం. 2022లో వచ్చిన చట్టంతో ఇది నీళ్లకు, మురుగునీటి కనెక్షన్లకు కూడా విస్తరించింది. ఎడిసన్‌లోనో జెర్సీ సిటీలోనో ఏళ్ల తరబడి ఉంటున్న మనవాళ్లలో కూడా దీని సంగతి తెలిసినవాళ్లు తక్కువ. తెలిసినవాళ్లు కూడా రెండు చోట్ల బోల్తా పడతారు. అది దానంతట అదే వర్తిస్తుందని అనుకోవడం ఒకటి, ఆ నాలుగు నెలలూ బిల్లు కట్టక్కర్లేదని అనుకోవడం రెండోది. చాలామంది విషయంలో ఫోన్ చేసి అడిగితేనే ఈ రక్షణ వస్తుంది. వచ్చినా ఆగేది కట్ చేయడమే, బిల్లు ఆగదు. ఈ రెండు మాటలు గుర్తు పెట్టుకుంటే కింద రాసినవన్నీ వాటికి వివరాలే.

మన ఊళ్లో బిల్లు కట్టకపోతే లైన్‌మన్ వచ్చి ఫ్యూజు పీకేవాడు. బతిమాలితే రెండ్రోజులు ఆగేవాడు. అక్కడా 2003 విద్యుత్ చట్టంలోని 56వ సెక్షన్ 15 రోజుల ముందస్తు నోటీసు ఇవ్వాలంటుంది గానీ, చలికాలం అంటూ ప్రత్యేక మినహాయింపు లేదు. మన చలికి దాని అవసరమూ పెద్దగా లేదు. ఇక్కడ జనవరి రాత్రి హీటింగ్ ఆగితే ఇంకో దుప్పటి కప్పుకుని గడిపేసే చలి కాదు. గోడల్లోని పైపుల్లో నీళ్లు గడ్డకట్టి పైపులే పగులుతాయి. పైగా స్మార్ట్ మీటరు పెట్టిన ఇంటికి కరెంటును ఆఫీసు నుంచే ఆపేయగలరు, బతిమాలడానికి ఎదురుగా మనిషి ఉండడు. అందుకే చేయాల్సిందంతా కట్ కాకముందే చేయాలి.

1. ముందు బిల్లు చేతిలోకి తీసుకోండి

ఆటోపే పెట్టుకున్న ఇళ్లలో బిల్లు తెరిచి చూసే అలవాటు పోతుంది. ఇబ్బంది మొదలైందని అనిపించిన రోజే ఒకసారి పూర్తిగా చదవండి.

కరెంటు ఎవరిది, గ్యాస్ ఎవరిది అన్నది మొదట చూడాలి. కొన్ని ఇళ్లకు పీఎస్‌ఈ అండ్ జీ అనే కంపెనీ రెండూ ఇస్తుంది, బిల్లు ఒకటే వస్తుంది. ఎడిసన్, ఇస్లిన్ వైపు కొన్ని ఇళ్లకు కరెంటు వాళ్లదైతే గ్యాస్ ఎలిజబెత్‌టౌన్ గ్యాస్‌ది. కంపెనీలు రెండైతే ఫోన్లు కూడా రెండు చేయాలి, ఒకరితో మాట్లాడింది రెండోవాళ్లకు తెలియదు. హీటింగ్ గ్యాస్‌తో నడుస్తుంది కాబట్టి గ్యాస్ ఒక్కటి కాపాడుకుంటే చాలని కొందరు లెక్క వేస్తారు. ఆ లెక్క కుదరదు. ఫర్నేస్‌లో మండేది గ్యాసే అయినా, ఆ వేడిని గదుల్లోకి తోసే ఫ్యానుకు, థర్మోస్టాట్‌కు కరెంటు కావాలి. కరెంటు పోతే గ్యాస్ ఉండీ ఇల్లు చల్లబడుతుంది.

తర్వాత మీటరు రీడింగ్. పక్కన ‘ఎస్టిమేటెడ్’ అని ఉంటే అది అంచనా మాత్రమే. మీటరు దగ్గరికి వెళ్లి ఫోటో తీసి, తేడా ఉంటే కంపెనీకి పంపి బిల్లు సరిచేయించుకోండి. ఒక్కోసారి బాకీలో కొంత అక్కడే తగ్గుతుంది.

మూడోది సప్లై చార్జీ. తలుపు కొట్టి ‘మీ బిల్లు తగ్గిస్తాం’ అన్నవాళ్లకు ఎప్పుడైనా సంతకం పెట్టారా? న్యూజెర్సీలో కరెంటు, గ్యాస్ సప్లై వేరే కంపెనీ నుంచి కొనుక్కోవచ్చు. అలా సంతకం పెడితే బిల్లులో సప్లై దగ్గర ఆ కంపెనీ పేరు ఉంటుంది. మొదట్లో తక్కువగా ఉన్న ధర ఒప్పందం గడువు ముగిశాక నెలనెలా మారే ధరగా మారి ఉండొచ్చు. అదే బిల్లులో మీ యుటిలిటీ సొంత ధర, ‘ప్రైస్ టు కంపేర్’ అని, పక్కనే ఉంటుంది. రెండూ పోల్చి, ఎక్కువ కడుతుంటే వెనక్కి రండి. అసలే 2025 జూన్ 1 నుంచి ఈ రాష్ట్రంలో కరెంటు బిల్లులు కంపెనీని బట్టి 17 నుంచి 20 శాతం దాకా పెరిగాయి.

2. వచ్చిన నోటీసు నిజమైనదేనా?

నిబంధన ప్రకారం బిల్లు పంపాక కట్టడానికి కనీసం 15 రోజులు ఇవ్వాలి. అప్పటికీ కట్టకపోతే, కట్ చేయడానికి కనీసం 10 రోజుల ముందు రాతపూర్వకంగా నోటీసు ఇవ్వాలి. శుక్ర, శని, ఆదివారాల్లో గానీ, సెలవు రోజున, దాని ముందు రోజున గానీ బాకీ కారణంగా కట్ చేయకూడదు. నోటీసులో మీ ఖాతా నంబరు, కట్టాల్సిన మొత్తం, ఏ తేదీలోపు అన్నవి ఉంటాయి. మొత్తం బాకీ వేరు, కట్ కాకుండా ఉండటానికి ఇప్పుడు కట్టాల్సిన మొత్తం వేరు కావచ్చు. రెండో అంకె చూడండి.

‘ఇంకో అరగంటలో మీ కరెంటు కట్ చేస్తున్నాం, వెంటనే జెల్ యాప్‌లో డబ్బు పంపండి’ అని వచ్చే ఫోన్ మోసం. గిఫ్ట్ కార్డులు కొని నంబర్లు చెప్పమన్నా అంతే. స్క్రీన్ మీద కంపెనీ పేరే కనిపించవచ్చు, దాన్ని నమ్మకండి. ఫోన్ పెట్టేసి, బిల్లు వెనక ఉన్న నంబరుకు మీరే ఫోన్ చేయండి. అమ్మానాన్నలు ఇంట్లో ఒంటరిగా ఉంటే ఈ సంగతి వాళ్లకు ముందే చెప్పి ఉంచండి. ఇంగ్లిష్‌లో గట్టిగా మాట్లాడితే హడలిపోయి మీ కార్డు నంబరు చెప్పేసే ప్రమాదం ఉంది.

3. మీకు ఈ రక్షణ వర్తిస్తుందా?

ఇక్కడ చాలామంది మనవాళ్లు జాబితాలో మొదటి సగం చదివి ‘ఇది మనకు కాదులే’ అని వదిలేస్తారు. ఆ సగంలో ఉండేవి ప్రభుత్వ పథకాలు: లైహీప్ అనే హీటింగ్ సాయం, తక్కువ ఆదాయం ఉన్నవాళ్లకు బిల్లులో కొంత తగ్గించే యూనివర్సల్ సర్వీస్ ఫండ్, వృద్ధులకూ వికలాంగులకూ ఇచ్చే లైఫ్‌లైన్, మందుల ఖర్చుకు ఇచ్చే పీఏఏడీ, ఆదాయం తక్కువున్న వృద్ధులకూ వికలాంగులకూ నెలనెలా ఇచ్చే ఎస్‌ఎస్‌ఐ, నగదు సాయం పథకాలు. వీటిలో ఏదైనా అందుకుంటున్న కుటుంబానికి వింటర్ రక్షణ ఉంటుంది.

చదవాల్సింది ఆ తర్వాతి వాక్యం. తమ చేతుల్లో లేని కారణాల వల్ల బిల్లు కట్టలేకపోతున్నవాళ్లకు కూడా ఇది వర్తిస్తుంది. ఉద్యోగం పోవడం, అనారోగ్యం, ఆసుపత్రి ఖర్చులు, భార్యో భర్తో ఈమధ్యే చనిపోవడం లాంటివి ఆ కారణాలు. లేఆఫ్ అయిన సాఫ్ట్‌వేర్ ఉద్యోగి అచ్చంగా ఈ కోవలోకి వస్తాడు. నిన్నటిదాకా మంచి జీతం అందుకున్నాడన్నది ఇక్కడ అడ్డు కాదు. హెచ్1బీ మీద ఉండి 60 రోజుల్లో ఇంకో ఉద్యోగం వెతుక్కోవాలన్న టెన్షన్‌లో ఉన్నవాళ్లకు ఈ ఒక్క ఫోన్ చేయాలని తట్టకపోవడం సహజమే. అందుకే ఇంట్లో ఇంకొకరు ఈ పని నెత్తిన వేసుకోవడం మంచిది.

కంపెనీ అడిగితే చూపించడానికి కాగితాలు దగ్గర పెట్టుకోండి: ఉద్యోగం తీసేసినట్టు వచ్చిన లెటర్ లేదా మెయిల్, చివరి పే స్టబ్, ఆసుపత్రి బిల్లులు, ఇంటి అద్దె ఒప్పందం.

4. ఫోన్ చేసి పేరు పెట్టి అడగండి

ఉదయం లైన్లు తెరవగానే చేస్తే వెయిటింగ్ తక్కువ. ఇంగ్లిష్‌తో ఇబ్బంది ఉంటే తెలుగు ఇంటర్‌ప్రెటర్ ఉన్నారేమో అడగండి. ఫోన్ ఎత్తినవాళ్లు మామూలుగా ‘ఈరోజు ఎంత కట్టగలరు?’ దగ్గర మొదలుపెడతారు. మొహమాటానికి పోయి అక్కడే ఏదో అంకె చెప్పేయకండి. ముందు ఈ వాక్యం చెప్పండి: ‘ఐ లాస్ట్ మై జాబ్ అండ్ ఐ వాంట్ టు ఎన్‌రోల్ ఇన్ ద వింటర్ టెర్మినేషన్ ప్రోగ్రాం.’ ప్రోగ్రాం పేరు మీ నోటి నుంచి రావడం ముఖ్యం. కారణం చెప్పకుండా ‘కాస్త టైమ్ ఇవ్వండి’ అంటే టైమ్ మాత్రమే ఇస్తారు, అదీ వారమో పది రోజులో.

వాళ్లు సరే అన్నాక మూడు విషయాలు అడిగి రాసుకోండి: ఏ తేదీ నుంచి నమోదైంది, ఇప్పటికే వచ్చిన కట్ నోటీసు రద్దయిందా, నెలకు ఎంత కట్టమంటున్నారు. మాట్లాడినవాళ్ల పేరు, తేదీ, సమయం, రిఫరెన్స్ నంబరు ఒక నోట్‌బుక్‌లో పెట్టండి. వీలైతే అదే విషయం మెయిల్‌లోనో, వెబ్‌సైట్‌లోని మెసేజ్‌లోనో పంపి కాగితం మీద ఆధారం మిగుల్చుకోండి.

కాదన్నారా? సూపర్‌వైజర్‌ను అడగండి. అక్కడా కుదరకపోతే న్యూజెర్సీ బోర్డ్ ఆఫ్ పబ్లిక్ యుటిలిటీస్, అంటే బీపీయూ, వినియోగదారుల విభాగానికి 1-800-624-0241 నంబరులో ఫిర్యాదు చేయండి. కంపెనీల మీద అజమాయిషీ వాళ్లదే. మీ దగ్గర పేరు, తేదీ రాసుకున్న నోట్‌బుక్ ఉంటే అక్కడ పని త్వరగా అవుతుంది.

5. ఎంతో కొంత కడుతూ ఉండండి

కట్ చేయరు కదా అని నాలుగు నెలలు సున్నా కడితే, చలికాలపు నాలుగు బిల్లులు ఒక్కటిగా మార్చిలో మీద పడతాయి. ఏడాది మొత్తంలో గ్యాస్ ఎక్కువగా కాలేది ఈ నెలల్లోనే. ఈ ప్రోగ్రాంలో ఉన్నవాళ్లు తమ శక్తి కొద్దీ కడుతూ ఉండాలన్నదే నిబంధన ఉద్దేశం కూడా. కంపెనీ ఏడాది బిల్లును సమాన వాయిదాలుగా మార్చే బడ్జెట్ ప్లాన్ ఇస్తుంది. జనవరి బిల్లు చూసి గుండె జారకుండా ఉండాలంటే అది తీసుకోండి. ఏడాది చివర వాడకాన్ని బట్టి తేడా సరిచేస్తారని మాత్రం మర్చిపోకండి.

పాత బాకీకి డిఫర్డ్ పేమెంట్ ప్లాన్ వేరు. ఏడాదిలో కనీసం ఒకసారి ఇది మీకు ఇవ్వాల్సిందే. మొదట కట్టమనే సొమ్ము బాకీలో 25 శాతం మించకూడదు. ఉదాహరణకు 1,200 డాలర్లు బాకీ ఉంటే ముందు 300 కట్టి, మిగిలిన 900ను 12 నెలలకు పంచితే నెలకు 75. దానికి తోడు ఆ నెల బిల్లు. ఈ రెండూ కలిపి కట్టగలరా అని ఇంట్లో కూర్చుని లెక్క వేసుకున్నాకే ఒప్పుకోండి. తప్పితే, అదే ఏడాది రెండో ప్లాన్ ఇవ్వాలన్న బలవంతం కంపెనీ మీద ఉండదు.

ఖర్చు తగ్గించే చిట్కాలు ఇంటర్నెట్ నిండా ఉన్నాయి, వాటి జోలికి పోను. ఒక్క స్పేస్ హీటర్ గురించి మాత్రం చెప్పాలి. హాలంతా ఎందుకు, ఒక్క గదే వేడి చేసుకుందామని 1,500 వాట్ల హీటరు కొంటారు. రోజుకు 8 గంటలు వేస్తే 12 యూనిట్లు, నెలకు 360. యూనిట్ 22 సెంట్లు వేసుకున్నా దాదాపు 79 డాలర్లు. ఆ నెలలో గ్యాస్ నిజంగా అంతకన్నా ఎక్కువ తగ్గిందో లేదో రెండు బిల్లులూ పక్కపక్కన పెట్టి చూస్తే గానీ తెలియదు. రెండు గదుల్లో రెండు పెడితే మాత్రం నష్టపోయే అవకాశమే ఎక్కువ.

6. సాయం డబ్బు, వీసా భయం

లైహీప్ ఫెడరల్ పథకం. న్యూజెర్సీలో అక్టోబర్ 1 నుంచి జూన్ 30 దాకా దరఖాస్తులు తీసుకుంటారు. అదే దరఖాస్తుతో యూనివర్సల్ సర్వీస్ ఫండ్‌కు కూడా చూస్తారు. ఆ ఫండ్‌లో చేరినవాళ్లకు ఫ్రెష్ స్టార్ట్ అని ఒకటుంది. కొత్తగా చేరినప్పుడు పాత బాకీ ఉంటే, ఏడాది పాటు నెలనెలా బిల్లు సరిగ్గా కడితే ఆ పాత బాకీ మాఫీ అవుతుంది. ఆదాయం ఆ పథకాల పరిమితి దాటినవాళ్ల కోసం పేజ్ అనే పథకం, ఎన్‌జే షేర్స్ అనే స్వచ్ఛంద సంస్థ ఉన్నాయి. ఏది ఎక్కడో తేల్చుకోలేకపోతే, ఏ సాయం ఎక్కడ దొరుకుతుందో చెప్పే 211 హెల్ప్‌లైన్‌కు ఫోన్ చేయండి. ఫెడరల్ డబ్బు ప్రతి ఏటా ఒకే సమయానికి చేతికి రాదు. 2025 అక్టోబర్‌లో కేంద్ర ప్రభుత్వ షట్‌డౌన్ వచ్చి చాలా రాష్ట్రాల్లో ఆలస్యమైంది. దరఖాస్తు చేశాం కదా అని కంపెనీకి ఫోన్ చేయడం మానకండి.

హెచ్1బీ, ఎఫ్1 మీద ఉన్నవాళ్లకు లైహీప్ సాధారణంగా రాదు. గ్రీన్ కార్డు ఉన్నవాళ్లకు, పౌరులకు ఆదాయాన్ని బట్టి వస్తుంది. పిల్లలు ఇక్కడే పుట్టి పౌరులైతే కుటుంబాన్ని ఎలా లెక్కిస్తారన్నది దరఖాస్తులు తీసుకునే ఏజెన్సీనే అడగాలి. గ్రీన్ కార్డు పని నడుస్తుంటే పబ్లిక్ చార్జ్ భయం, అంటే ప్రభుత్వ సాయం మీద ఆధారపడతారని గ్రీన్ కార్డు కాదంటారేమోనన్న భయం ఉంటుంది. ఆ నియమాలు ప్రభుత్వం మారినప్పుడల్లా అటూ ఇటూ అవుతున్నాయి, కాబట్టి ప్రభుత్వ సాయానికి సంతకం పెట్టేముందు మీ ఇమిగ్రేషన్ లాయర్‌ను ఒక మాట అడగండి. అయితే ఆ భయంతో వింటర్ టెర్మినేషన్‌ను కూడా వదులుకోవడం అన్యాయం. అందులో ప్రభుత్వం మీకు పైసా ఇవ్వదు. మీరు కట్టాల్సింది మీరే కడతారు, కంపెనీ ఈలోగా కనెక్షన్ పీకకుండా ఆగుతుంది, అంతే.

7. ఇంట్లో ఎవరికైనా ఒంట్లో బాగోలేకపోతే

ఆక్సిజన్ యంత్రం మీద ఉన్న అత్తగారో, చలి తగిలితే ప్రమాదమైన పసిబిడ్డో ఉంటే ఇంకో దారి ఉంది. కనెక్షన్ తీసేస్తే జబ్బు ముదురుతుందని డాక్టర్ లెటర్ ఇస్తే, బిల్లు కట్టలేని పరిస్థితిని కూడా మీరు చూపిస్తే, రెండు నెలల దాకా కట్ చేయకూడదు. ఇది చలికాలానికే పరిమితం కాదు. లెటర్‌లో జబ్బు ఏమిటి, ఎంతకాలం, కరెంటు ఎందుకు అవసరం అన్నవి స్పష్టంగా ఉండేలా డాక్టర్ ఆఫీసులో చెప్పి రాయించుకోండి. ‘రోగి బలహీనంగా ఉన్నారు’ అన్న ఒక్క ముక్క పనికిరాదు.

8. అద్దె ఇళ్లు, రూమ్మేట్లు

నలుగురు కలిసి ఉండే ఇంట్లో ఖాతా ఒకరి పేరు మీద ఉంటుంది. అతను టెక్సస్‌కో ఇండియాకో వెళ్లిపోతూ కనెక్షన్ ఆపమని చెబితే వింటర్ రక్షణ ఏమీ చేయలేదు. అది బాకీ వల్ల కట్ చేయడం కిందికి రాదు, ఖాతాదారు కోరితే ఆపడం. వెళ్లేవాడు వెళ్లకముందే మిగిలినవాళ్లలో ఒకరు తమ పేరు మీదికి మార్పించుకోవాలి, మధ్యలో ఒక్కరోజు కూడా ఖాళీ లేకుండా. వెళ్లేవాళ్లు ఆఖరి బిల్లు ఎక్కడికి పంపాలో చెప్పి వెళ్లండి. మూసేసిన ఖాతాలో మిగిలిన బాకీ వసూలు ఏజెన్సీకి వెళ్తే, ఎప్పుడో తిరిగొచ్చి ఇల్లు కొనేటప్పుడు క్రెడిట్ రిపోర్టులో ఎదురవుతుంది.

బిల్లు ఓనరు కట్టాల్సిన ఇల్లయితే, అతను కట్టకపోయినా మీకు చెప్పకుండా ఆపకూడదు. కంపెనీ అద్దెకున్నవాళ్లకు ముందు నోటీసు ఇవ్వాలి. మీ పేరు మీదికి మార్చుకునే వీలుందేమో అడగండి. హీటింగ్ ఓనరు ఇచ్చే ఇళ్లలో అక్టోబర్ 1 నుంచి మే 1 దాకా ఉదయం 6 నుంచి రాత్రి 11 వరకు 68 డిగ్రీల ఫారన్‌హీట్, రాత్రిపూట 65 ఉండాలని రాష్ట్ర నిబంధన. తగ్గితే మున్సిపాలిటీ హౌసింగ్ ఇన్‌స్పెక్టర్‌కు చెప్పొచ్చు.

ఆయిల్ ట్యాంకుతోనో ప్రొపేన్‌తోనో వేడయ్యే ఇళ్లకు ఈ నిబంధన పనికిరాదు. అక్కడ కట్ చేసేందుకు కనెక్షనే లేదు, ట్యాంకు ఖాళీ అవుతుంది. గేజి చూస్తూ ఉండాలి.

9. ఇప్పటికే పోయిందా?

నవంబర్ 15 ముందే కట్ అయి, మీరు వింటర్ ప్రోగ్రాంకు అర్హులైతే, బాకీలో 25 శాతం దాకా కట్టించుకుని తిరిగి ఇవ్వాలి. మొత్తం కడితేనే ఇస్తామంటే బీపీయూకు చెప్పండి.

తిరిగి వచ్చేలోగా ఓవెన్ తలుపు తెరిచి వేడి చేసుకోవడం, గ్రిల్ బొగ్గులు కుంపటిలా లోపల పెట్టుకోవడం, గ్యారేజీలో జనరేటర్ నడపడం వద్దే వద్దు. కార్బన్ మోనాక్సైడ్‌కు వాసన ఉండదు, నిద్రలోనే ప్రాణం తీస్తుంది. కుళాయిలు సన్నగా కారేలా వదలండి, సింకు కింది అల్మరా తలుపులు తెరిచి ఉంచండి. ఇల్లు వదిలి స్నేహితుల ఇంటికి వెళ్తుంటే నీళ్ల మెయిన్ వాల్వ్ కట్టేసి, కుళాయిలు తిప్పి పైపుల్లో మిగిలింది దించేయండి.

వేరే రాష్ట్రాల్లో ఉంటే

రాష్ట్రం మారితే రూలు మారుతుంది. మిన్నెసోటాలో రక్షణ అక్టోబర్ 1 నుంచి ఏప్రిల్ 30 దాకా, కంపెనీతో చెల్లింపు ఒప్పందం చేసుకుని దాన్ని తప్పకుండా పాటించాలి. మసాచుసెట్స్‌లో నవంబర్ 15 నుంచి మార్చి 15, ఆర్థిక ఇబ్బంది చూపించాలి. ఒహాయోలో చలికాలంలో ఒకసారి 175 డాలర్ల వరకు కట్టి కనెక్షన్ నిలబెట్టుకునే వీలు ఇస్తుంటారు, తిరిగి కలపాలంటే ఆ రుసుము వేరు. డాలస్‌లో ఉన్నవాళ్లకు ఇలాంటి నెలల రక్షణ లేదు. టెక్సస్‌లో ముందు రోజు అత్యధిక ఉష్ణోగ్రత 32 డిగ్రీల ఫారన్‌హీట్ దాటకుండా, వచ్చే 24 గంటలూ అలాగే ఉంటుందని సూచన ఉంటేనే ఆ రోజుకు ఆగుతారు. కెనడాలోని ఒంటారియోలో నవంబర్ 15 నుంచి ఏప్రిల్ 30 దాకా ఇళ్లకు కరెంటు కట్ చేయడం నిషేధం. అక్కడ అడగాల్సిన పని కూడా లేదు.

మార్చి 15కు ముందు

ఫిబ్రవరి చివర్లో ఖాతా తెరిచి మొత్తం బాకీ ఎంతో చూడండి. మార్చి మొదటి వారంలో, అంటే అందరూ ఫోన్ చేయకముందే, కంపెనీకి ఫోన్ చేసి డిఫర్డ్ ప్లాన్ అడగండి. డిసెంబరులోనే ఆ ప్లాన్ తీసుకుని సరిగ్గా కడుతుంటే అది మార్చి తర్వాత కూడా కొనసాగుతుందని నిర్ధారించుకోండి. ఈమధ్య ఉద్యోగం దొరికి మొదటి జీతం ఏప్రిల్‌లో రావాల్సి ఉంటే ఆఫర్ లెటర్ తేదీ చెప్పి, మొదటి వాయిదా దాని తర్వాత పెట్టమనండి. లైహీప్ అర్హత ఉండీ ఇంకా పెట్టకపోతే జూన్ 30 దాకా గడువు ఉంది. మార్చి 15 దాటాక వచ్చే కట్ నోటీసులో కూడా 10 రోజులు ఉంటాయి. ఆ పది రోజుల్లో మొదటి రోజే ఫోన్ చేయండి.